సైకిలు క్యారియర్ – బిడ్డ పాదం

గడ్డిమోపు, పాల క్యాను, బియ్యం మూట, ఆదివారం ఆరాధనకు బయలుదేరిన పిల్లలు – పల్లెలో వీటన్నిటినీ మోసేది సైకిలు వెనుకనున్న క్యారియరే. అయినా దానిని కొనేటప్పుడు చాలామంది ధర ఒక్కటే అడుగుతారు. దానిపై ఏమి మోయబోతున్నామో ముందుగా ఆలోచించుకోవడం మంచిది.

ఎలాంటిది కొనాలి?

చక్రం కొలతను బట్టి క్యారియర్ ఉంటుంది. పెద్ద సైకిలు చక్రం 28 అంగుళాలు. పిల్లల సైకిళ్లకు 20, 24 అంగుళాల చక్రాలు కూడా ఉంటాయి. ఊతకమ్ములు పొట్టివైతే క్యారియర్ మడ్‌గార్డును ఒరుసుకుంటుంది. కాబట్టి సైకిలును దుకాణానికి తీసుకుపోయి సరిచూసుకోండి. ఊతకమ్ములు రెండు వైపులా ఇరుసు దాకా దిగి ఉండాలి. సీటు గొట్టానికి మాత్రమే బిగించే రకం తేలికపాటి సంచులకే పనికివస్తుంది. బరువు పరిమితి ముద్రించి ఉంటే దానిని మీరవద్దు. చాలావాటిపై 25 కిలోలని ఉంటుంది. యూరియా బస్తా ఒక్కటే 45 కిలోలని గుర్తుంచుకోండి.

ఎలా బిగించాలి?

సైకిలును స్టాండు వేసి, వెనుక చక్రం నట్లను పానాతో వదులు చేయండి. ఊతకమ్ముల రంధ్రాలను ఇరుసుకు ఎక్కించి, వాషరు వేసి, నట్టు పెట్టండి. ఇరుసు మరలు నట్టు బయటికి కొంచెమైనా కనిపించాలి. లేకుంటే పట్టు చాలదు. ముందు భాగాన్ని సీటు దగ్గర బిగించండి. చక్రం నడిమధ్యకు వచ్చిందా, చైను మరీ బిగువుగా గాని వదులుగా గాని ఉందా అని చూసి, ఆ తరువాతే నట్లను గట్టిగా బిగించండి. రెండు మూడు రోజులు బరువు మోశాక నట్లు సడలుతాయి గనుక మరోసారి బిగించాలి. మూటను పాత ట్యూబు రబ్బరుతో కట్టినప్పుడు, దాని కొసలు చక్రం వైపు వేలాడకుండా దోపండి.

పిల్లలను ఎక్కించేముందు

వట్టి క్యారియర్ పిల్లలకు ఆసనం కాదు. కాళ్లు వేలాడుతుంటే, కునుకు పట్టిన క్షణంలో పాదం చక్రం పుల్లల్లో పడుతుంది. మడమ నలుగుతుంది, ఎముక విరగవచ్చు. పైకి చిన్న గాయంలాగే కనిపించి, కొన్ని రోజులకు చర్మం నల్లబడి ఊడడం కూడా ఉంది. కనుక పుల్లలను రెండు వైపులా కప్పే జాలీ లేదా గార్డు బిగించండి. పాదాలు ఆనించుకొనే మెట్లు, వీపుకు ఆనుకొనే సీటు, నడుముకు పట్టీ ఉండాలి. సరిగా కూర్చోలేని పసివారిని వెనుక ఎక్కించవద్దు. స్టాండు వేసిన సైకిలుపై బిడ్డను వదలి పక్కకు పోవద్దు. పమిట, చున్నీ కొసలు కూడా పుల్లల్లో చిక్కుతాయి, నడుముకు దోపుకోవాలి.

ఒకవేళ కాలు ఇరుక్కుంటే లాగవద్దు, చక్రం ముందుకు తిప్పవద్దు. పుల్లలను వంచి గాని కోసి గాని నెమ్మదిగా విడిపించండి. గాయాన్ని మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి, చిన్నదే గదా అనుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మూట జారిపడితే మళ్లీ ఎత్తుకోవచ్చు. నలిగిన మడమ మానడానికి నెలలు పట్టవచ్చు. మీ ఇంటి సైకిలుపై పిల్లలు ఎక్కుతున్నట్లయితే, ముందు పుల్లలకు గార్డు వేయించండి. ఆ తరువాతే క్యారియర్ మాట.