మూడో వరుసలో ఎవరు కూర్చుంటారు?

అమెరికాలో మన ఇళ్ళల్లో పెద్ద బండి కొనాలన్న మాట సాధారణంగా రెండు సందర్భాల్లో వస్తుంది. రెండో బిడ్డ కడుపున పడ్డప్పుడు ఒకటి, ఊళ్ళో అమ్మానాన్నలకు విజిటర్ వీసా స్టాంపింగ్ అయినప్పుడు రెండోది. చాలా ఇళ్ళల్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి కూడా. పురిటికే కదా వాళ్ళు వచ్చేది! అంతవరకు ఏ లోటూ చేయని క్యామ్రీయో, సీఆర్‌వీయో ఉన్నట్టుండి ఇరుకైపోతుంది. వాట్సాప్ గ్రూపులో "ఏ ఎస్‌యూవీ తీసుకోమంటారు?" అని అడుగుతాం. పదిమంది పది పేర్లు చెబుతారు. కాస్త గమనిస్తే ఎవరు కొన్నది వాళ్ళు చెప్పినట్టే ఉంటుంది.

పేర్ల జోలికి పోయేముందు ఒక కాగితం తీసుకుని, బండిలో ఎవరెక్కడ కూర్చుంటారో గీసుకోండి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ నలభై వేల డాలర్ల పైచిలుకు ఖర్చు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక మామూలు కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, నాలుగేళ్ళ అమ్మాయి, ఏడాది బాబు, ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. మొత్తం ఆరుగురు, అందులో ఇద్దరికి కార్ సీట్లు. సీఆర్‌వీ, రావ్‌ఫోర్ లాంటి రెండు వరుసల బండిలో వెనక రెండు కార్ సీట్లు బిగిస్తే మధ్యలో మిగిలేది జానెడు చోటు. అక్కడ ఒక్కరు కూర్చోవడమే గగనం, ఇద్దరి మాట ఎత్తక్కర్లేదు. కాబట్టి మూడు వరుసల బండి కావాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

డీలరు దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండో వరుసలో రెండు విడి సీట్లు, వాటినే కెప్టెన్ చెయిర్స్ అంటారు, వెనక మూడో వరుసలో బెంచీ ఉన్న బళ్ళు. మనం వెంటనే ఏం చేస్తాం? కెప్టెన్ చెయిర్లకు రెండు కార్ సీట్లు బిగిస్తాం, పెద్దవాళ్ళని మూడో వరుసలోకి పంపుతాం. బండిలో అన్నిటికన్నా కష్టమైన చోటు అదే. చాలా ఎస్‌యూవీల్లో అక్కడ నేల ఎత్తుగా, సీటు కిందికి ఉంటుంది. కూర్చుంటే తొడలకు ఆనిక ఉండదు, మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి. అక్కడికి చేరాలంటే ముందు నేల మీంచి బండిలోకి ఒక పెద్ద అడుగు, ఆ తర్వాత రెండు కార్ సీట్ల మధ్య వంగి నడక. చీర కట్టుకున్న అమ్మమ్మ ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో దేన్ని పట్టుకోవాలో తెలియక, మనవడి సీటునే పట్టుకుంటుంది. దిగేటప్పుడు ఇంకా కష్టం.

పెద్దవాళ్ళు ఈ కష్టం నోరు తెరిచి చెప్పరు. "మీరు వెళ్ళి రండమ్మా, నాకు ఇంట్లో పనుంది" అంటారు. మొదటి నెల గుడికి, పార్కుకి, ఇండియన్ స్టోరుకి హుషారుగా బయల్దేరినవాళ్ళు మూడో నెలకల్లా సోఫాలో టీవీ ముందు ఆగిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. వాళ్ళ కోసం కొన్న బండిలో వాళ్ళే ఎక్కకపోతే ఇక దాని అర్థమేమిటి?

అందుకని కాగితం మీద రెండో బొమ్మ గీయండి. రెండో వరుసలో ఒక పక్క బాబు సీటు, ఇంకో పక్క మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళెవరో వాళ్ళు. మూడో వరుసలో నాలుగేళ్ళ అమ్మాయి, పక్కన ఇంకొకరు. ఇందులోనూ తిప్పలున్నాయి. అమ్మాయికి బెల్టు పెట్టడానికి రోజూ ఎవరో ఒకరు వెనక్కి పాకాలి. మూడో వరుసలో కార్ సీటు బిగించే ల్యాచ్ కొక్కేలు కొన్ని బళ్ళల్లో ఒక పక్కే ఉంటాయి, కొన్నిట్లో అసలు ఉండవు. లేనిచోట సీటు బెల్టుతో సరిగ్గా బిగిస్తే అంతే భద్రం. ఎలాగూ పిల్లల బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు దాటాక సాధారణంగా ల్యాచ్ వదిలి బెల్టుకే మారాలి. ముందుకు తిరిగిన సీటుకు పై పట్టీ తగిలించే కొక్కెం మాత్రం ఆ వరుసలో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఏడాది బాబు సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో రెండేళ్ళన్న హద్దు తీసేసి, ఆ సీటుకు రాసిన బరువు, ఎత్తు దాటేదాకా అలాగే ఉంచమంది. అంటే ఇంకో రెండు మూడేళ్ళు ఆ సీటు ముందున్న మనిషి కాళ్ళ చోటు తింటూనే ఉంటుంది. ఆరడుగుల అల్లుడు స్టీరింగు ముందు కూర్చుంటే ఆ వెనక ఏం పడుతుందో అక్కడే బిగించి చూడాలి. అదీగాక, రెండో వరుస సీటు ముందుకు వంగితే తప్ప మూడో వరుసకి దారి లేని బళ్ళల్లో, కార్ సీటు బిగించాక అది వంగకపోవచ్చు. నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫోక్స్‌వ్యాగన్ అట్లాస్ లాంటి వాటిలో పిల్లలు కూర్చోనప్పుడు కార్ సీటు తీయకుండానే ముందుకు జరిగే ఏర్పాటు ఉంది. మీ సీటుతో కూడా జరుగుతుందా అన్నది మీ సీటు తీసుకెళ్తేనే తెలుస్తుంది.

కాబట్టి డీలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు కార్ సీట్లూ, ఒక టేపూ, వీలైతే అమ్మమ్మనీ తీసుకెళ్ళండి. శనివారం మధ్యాహ్నం వద్దు, సేల్స్ వాళ్ళకి తీరిక ఉండదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే గంటసేపు బండిని మీకే వదిలేస్తారు. అమ్మానాన్నలు ఇంకా రాలేదా, మీరే మూడో వరుసలో కూర్చుని ఇరవై నిమిషాలు టెస్ట్ డ్రైవ్ చేయించుకోండి. స్టీరింగు పట్టుకునే సరదా ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి అయిదారు గంటల ప్రయాణం. ఆ ఇరవై నిమిషాల్లోనే కడుపులో తిప్పితే, పెన్ హిల్స్ కొండ ఎక్కేసరికి పెద్దవాళ్ళ సంగతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఇక సామాను. ఊరి నుంచి ఇద్దరు వస్తే తలా రెండు చొప్పున 23 కిలోల పెట్టెలు నాలుగు, పైన చేతి సంచులు. ఎయిర్‌లైన్స్ ఒప్పుకునే పెట్టె మూడు కొలతలూ కలిపి 62 అంగుళాలు. 27, 21, 14 అంగుళాల పెట్టె అనుకుంటే ఒక్కోటి దాదాపు 4.6 ఘనపుటడుగులు, నాలుగూ కలిపి 18 దాటుతాయి. మూడో వరుస ఎత్తి ఉంచితే టొయోటా హైలాండర్‌లో వెనక మిగిలేది 16 ఘనపుటడుగులు. గ్రాండ్ హైలాండర్‌లో 20.6, కియా టెల్యురైడ్‌లో 21. లెక్కకి పట్టినట్టే ఉంటుంది కానీ ఆ కొలత పైకప్పు దాకా, మూలమూలా కలిపి చెప్పింది. ఆవకాయ జాడీ, ప్రెషర్ కుక్కరు ఉన్న పెట్టెలు మూలల్లోకి ఒదగవు. మూడో వరుస మడిస్తే చోటుంటుంది, మనుషులకి ఉండదు. అందుకే మనవాళ్ళు ఎయిర్‌పోర్టుకి రెండు కార్లేసుకుని వెళ్తారు.

టొయోటా సియెన్నాలో అదే చోటు 33.5 ఘనపుటడుగులు. ఎస్‌యూవీ గురించి అడిగితే వ్యాన్ కథ చెబుతున్నాడేమిటని విసుక్కోకండి. పైన గీసిన బొమ్మకు అచ్చంగా సరిపోయేది మినీవ్యానే. తలుపు పక్కకి జరుగుతుంది కనక అపార్ట్‌మెంట్ పార్కింగులో పక్క కారుకి తగలదు. నేల తక్కువ ఎత్తులో ఉంటుంది కనక అమ్మమ్మకి అది మెట్టులా అనిపించదు. మూడో వరుసలో మనిషి మనిషిలా కూర్చుంటాడు. సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది, గాలనుకు 36 మైళ్ళు. హైబ్రిడ్ కాని పెద్ద ఎస్‌యూవీలు చాలావరకు 22 దగ్గర ఆగుతాయి. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే తేడా 212 గాలన్లు. హోండా ఒడిస్సీ, కియా కార్నివాల్, క్రైస్లర్ పసిఫికా కూడా ఈ కోవలోవే. ఒక్కోదానికి ఒక్కో సుగుణం. ఉదాహరణకి ఒడిస్సీలో రెండో వరుస సీట్లు పక్కకి జరుపుకోవచ్చు, ఊడదీయవచ్చు. సియెన్నాలో అలా తీయడం కుదరదు.

అయినా మనవాళ్ళకి వ్యాన్ అంటే నామోషీ. "సాకర్ మామ్ బండి" అన్న ఇక్కడి వెక్కిరింత మనమూ నేర్చుకున్నాం. ఊళ్ళో చూడండి, ఇన్నోవా దిగితే ఎదురొచ్చి నమస్కారం పెడతారు. ఎమ్మెల్యే గారి వాకిట్లో ఉండేదీ అదే, తిరుపతికి ఇంటిల్లిపాదీ వెళ్ళేదీ అందులోనే. దాని రూపం వ్యాన్‌కి దగ్గరా, ఎస్‌యూవీకి దగ్గరా? తాతయ్యని సియెన్నాలో కూర్చోబెడితే "మన ఇన్నోవా లాగే ఉందిరా" అని సంతోషిస్తాడే తప్ప చిన్నబుచ్చుకోడు.

ఎస్‌యూవీయే కావాలి, ట్రెయిలర్ లాగాలి, లేదా మీ ఇంటి డ్రైవ్‌వే మంచులో నిట్టనిలువుగా ఉంటుంది అంటే సరే. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, బ్రేకు వేసినప్పుడు ఆపడానికి కాదు. దానికి వింటర్ టైర్లు కావాలి. సియెన్నాలోనూ ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్ళు ఈ ఖర్చు గురించి రెండుసార్లు ఆలోచించవచ్చు.

పెద్ద బండి అంటే భద్రం అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. లోపల ఉన్నవాళ్ళ వరకు అందులో నిజం లేకపోలేదు. కానీ ప్రభుత్వ సంస్థ ఇచ్చే నక్షత్రాలలో ముందు నుంచి ఢీకొనే పరీక్ష మార్కులను దాదాపు అంతే బరువున్న బళ్ళతోనే పోల్చాలి. బీమా కంపెనీల సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2022లో ముందు ఢీ పరీక్షల్లో ఒకదాన్ని మార్చి, డ్రైవర్ వెనక సీట్లో కూడా ఒక బొమ్మను పెట్టింది. ముందు సీటుకు మంచి మార్కులొచ్చిన కొన్ని బళ్ళు అక్కడ తడబడ్డాయి. మనింట్లో వెనక కూర్చునేది పిల్లలు, పెద్దలు కాబట్టి మీరు ఎంచుకున్న బండికి ఈ కొత్త పరీక్షలో ఏమొచ్చిందో వాళ్ళ వెబ్‌సైటులో చూడండి. మూడో వరుసలో బొమ్మ ఈ పరీక్షల్లో ఎక్కడా ఉండదని గుర్తుంచుకోండి.

బయటున్నవాళ్ళ సంగతి వేరు. ఐఐహెచ్‌ఎస్ 2023లో ప్రచురించిన అధ్యయనంలో, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బళ్ళు పాదచారిని ఢీకొంటే ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఎత్తుతో వాలుగా ఉండే బళ్ళకన్నా సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. మన సబ్‌డివిజన్లలో సాయంత్రం నడిచేది ఎవరు? మన తాతయ్యలే. వెనక కెమెరా 2018 మే నుంచి కొత్త బళ్ళన్నిటికీ తప్పనిసరి, ముందుకి అలాంటి నిబంధన లేదు. డీలరు దగ్గరే డ్రైవర్ సీట్లో కూర్చుని, మీ అమ్మాయి ఎత్తులో చేయి పెట్టుకుని బండి ముందు నిలబడమని ఇంకొకరికి చెప్పండి. ఆ చేయి ఎంత దూరం వెళ్తే కనిపిస్తుందో చూస్తే బండి ఎత్తు మీద మోజు కొంత తగ్గుతుంది.

పెద్దవాళ్ళకి వెనక సీట్లో బెల్టు అలవాటు లేదు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ ప్రమాదంలో పోయినప్పుడు ఆయన వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. ఆ మాట చెబితే నాన్నలు వింటారు. అమ్మలకి పైట నలుగుతుందని బెంగ. కింది పట్టీ పొట్ట మీద కాకుండా నడుం ఎముకల మీద, పై పట్టీ భుజం మీంచి వచ్చేలా మొదటి రోజే మీరు స్వయంగా పెట్టి చూపించండి.

డబ్బు దగ్గరికి వద్దాం. 45,000 డాలర్లు 7 శాతం వడ్డీకి తీసుకుంటే 60 నెలల అప్పుకి నెలకి 891 డాలర్లు, 84 నెలలకైతే 679. సేల్స్ అబ్బాయి రెండోదే చూపిస్తాడు. వడ్డీ మొత్తం మొదటిదాంట్లో దాదాపు 8,460, రెండోదాంట్లో 12,050. ఆ 84 నెలల్లో అమ్మానాన్నలు మీ దగ్గర ఎన్ని నెలలుంటారు? రెండు మూడేళ్ళకోసారి వచ్చి ఆరేసి నెలలుంటే మహా అయితే పద్ధెనిమిది. అలాంటప్పుడు రెండు వరుసల బండి ఉంచుకుని, నయాగరాకి, పిట్స్‌బర్గ్‌కి వెళ్ళేటప్పుడు వ్యాన్ అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని. మామూలు రోజుల్లో రెండు కార్లలో వెళ్ళాల్సి వస్తుందనుకోండి, అది భరించగలరా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఏటా ఒక పక్క వాళ్ళు తర్వాత ఇంకో పక్క వాళ్ళు వచ్చే ఇళ్ళల్లో మాత్రం మూడు వరుసలు దండగ కాదు.

బేరం నెల వాయిదా మీద ఆడకండి. పన్నులు, డాక్యుమెంట్ ఫీజు అన్నీ కలిపి గేటు దాటేదాకా మొత్తం ఎంతో ఈమెయిల్లో రాయించుకుని, దాన్ని ఇంకో ఇద్దరు డీలర్లకి చూపించండి.

చివరిగా గరాజ్. సియెన్నా పొడవు 203.7 అంగుళాలు, గ్రాండ్ హైలాండర్ 201.4. ఇరవై అడుగుల గరాజ్‌లో పెడితే మిగిలేది మూడడుగుల పైచిలుకు. అక్కడ మనకి రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, ఎండబెట్టిన మిరపకాయల డబ్బాలు ఉంటాయి. సంతకం పెట్టకముందే బండిని ఒక గంట ఇంటికి తీసుకెళ్తామని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. లోపల పెట్టి, షట్టరు వేసి, వెనక డిక్కీ తలుపు పూర్తిగా లేపి చూడండి. పైన షట్టరు పట్టాలకి తగిలితే డీలరు దగ్గర చెప్పి దాని ఎత్తు తగ్గించి సెట్ చేయించుకోవచ్చు. ఫ్రిజ్ మాత్రం మీరే జరుపుకోవాలి.