ట్రాక్టరు ట్రాలీలో మనుషులు: యజమాని తెలుసుకొనవలసిన సంగతులు

నాట్లకో, పత్తి తీతకో, మిర్చి కోతకో పొరుగూరి నుండి కూలీలను తీసుకొని రావలసి వచ్చినప్పుడు మన పల్లెలలో మొదట గుర్తుకు వచ్చేది ఇంటి ముందు నిలిచి ఉన్న ట్రాక్టరే. ట్రాలీ తగిలిస్తే ముప్పై మంది ఎక్కుతారు. పెళ్ళికైనా జాతరకైనా అదే బండి. ఈ అలవాటు ఎంత పాతదైనా దాని వెనుక రెండు ప్రమాదాలు ఉన్నవి. ఒకటి ఎక్కినవారి ప్రాణాలకు, రెండవది ట్రాక్టరు యజమాని ఆస్తికి. మొదటి దానిని గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. రెండవది మాత్రం కోర్టు నోటీసు చేతికి అందే వరకు చాలామందికి తెలియదు.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో వ్యవసాయ కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల సమీపంలో మిర్చి కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొనగా పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు జిల్లాలో గుడికి వెళ్ళి వస్తున్న కుటుంబాల ట్రాలీ చెరువులోకి బోల్తాపడి 26 మంది మరణించారు. ఎక్కినవారందరూ ఆ బండి మీద నమ్మకంతో ఎక్కినవారే.

ట్రాలీ సరుకుల కోసం తయారైనది. ధాన్యం బస్తా వేసిన చోటనే ఉంటుంది, మనిషి కదులుతాడు. మలుపులో అందరూ ఒకే ప్రక్కకు ఒరుగుతారు, గతుకు వస్తే ప్రక్కపలకను పట్టుకొని లేచి నిలబడతారు. బరువు పైకి, ప్రక్కకు జరిగిన ఆ క్షణమే బోల్తా పడుటకు చాలును. కాలువ కట్టల మీద ఇది మరింత నిజం. నీరు వదిలిన తరువాత కట్ట అంచు మెత్తబడి, పైకి గట్టిగా కనిపిస్తూనే చక్రం క్రింద జారిపోతుంది.

బ్రేకుల సంగతి వేరుగా చెప్పవలెను. మన ఊళ్ళలో తిరిగే ట్రాలీలలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. రెండు టన్నుల ట్రాక్టరు తన బరువుకు రెట్టింపు బరువును తానొక్కటే ఆపవలసి వస్తుంది. పల్లంలో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే వెనుక బరువు ట్రాక్టరును ముందుకు నెట్టి అడ్డం తిప్పుతుంది. డీజిలు మిగులుతుందని అలా దింపే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. అలా మిగిలే డీజిలు విలువ ఎంతో వారే లెక్క వేసుకొనవచ్చును. ఇక దుక్కిలో సులభంగా తిరుగుటకు కుడి, ఎడమ చక్రాలకు విడివిడిగా ఇచ్చిన బ్రేకు పెడళ్ళను రోడ్డు ఎక్కే ముందు గొళ్ళెంతో ఒకటిగా కలుపవలెను. లేని యెడల తొందరలో ఒక పెడలు మీదనే కాలు పడి బండి ఒక్కసారిగా ఒక వైపుకు లాగుతుంది. మడ్‌గార్డు మీద పిల్లవాడిని కూర్చుండబెట్టుకొని పొలానికి తీసుకొని పోవుట ముచ్చటగానే ఉండవచ్చును గాని, ఆ పిల్లవాడు జారితే పడేది వెనుక చక్రం క్రిందనే.

ఇప్పుడు రెండవ ప్రమాదానికి వద్దాము. మోటారు వాహనాల చట్టం, 1988 దృష్టిలో ట్రాక్టరు తనంతట తాను బరువు మోయుటకు నిర్మించిన వాహనం కాదు. రిజిస్ట్రేషను పత్రంలో సీట్ల సంఖ్య సాధారణంగా ఒకటి, అది డ్రైవరుది. వ్యవసాయ పనులకని బీమా చేయించిన బండిలో జనాన్ని ఎక్కించిన యెడల, వారికి ఇవ్వవలసిన నష్టపరిహారం తన బాధ్యత కాదని బీమా సంస్థ వాదించవచ్చును. మట్టి తోలే ట్రాక్టరు ట్రాలీ మీద వెళుతూ గాయపడిన కూలీ వ్యాజ్యంలో 2007లో సుప్రీంకోర్టు బీమా సంస్థకు బాధ్యత లేదనే అన్నది. అయితే ఆ కూలీ పేదరికాన్ని గమనించి, ముందుగా సంస్థ చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుండి వసూలు చేసుకొనవలెనని ఆదేశించినది. ఇటువంటి వ్యాజ్యాలలో తీర్పులు అన్నీ ఒకే తీరుగా లేవు. కాని ‘చెల్లించి వసూలు చేసుకొనుట’ అన్న మాట వచ్చిన చోట చివరకు భారం పడేది యజమాని మీదనే. ఒక్క మరణానికే లక్షలలో పరిహారం విధించగా, పది మంది ఉన్న ట్రాలీ సంగతి చెప్పనక్కరలేదు. పోలీసుల అధీనంలో బండి నిలిచి ఉన్నంత కాలం కూడా మీ ఋణ వాయిదాలు ఆగవు.

ఇంకొక లోపం చాలా సాధారణం. ట్రాక్టరు షోరూములో కొంటారు, ట్రాలీని దగ్గరలోని వెల్డింగు షాపులో చేయిస్తారు. ట్రాక్టరుకు పాలసీ ఉంటుంది, ట్రాలీకి రిజిస్ట్రేషనే ఉండదు. ట్రాలీ వేరుగా రిజిస్టరు కావలెను, పాలసీలో దాని పేరు కూడా ఉండవలెను. బ్యాంకే ప్రీమియం కట్టి మీ ఖాతాలో వ్రాసినప్పటికీ పాలసీ కాగితం ఒకసారి తెప్పించుకొని చూడండి. డీలర్లకు మా మనవి: బండి అప్పగించే రోజున పూజ, ఫోటోలతో పాటు పది నిమిషాలు కేటాయించి పెడళ్ళ గొళ్ళెం, ట్రాలీ పిన్ను క్లిప్పు, వెనుక దీపాల కనెక్షను, ఎర్ర రిఫ్లెక్టర్లు కొనుగోలుదారుకే కాక బండి నడుపబోయే వ్యక్తికి కూడా చూపించండి. ఆ ఇద్దరూ తరచు వేర్వేరు మనుషులు.

నడిపే వ్యక్తికి లైసెన్సు ఉండవలెనని వేరే చెప్పనక్కరలేదు. 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులు గాని, వాహన యజమాని గాని మూడేళ్ళ వరకు జైలు, రూ.25,000 జరిమానా ఎదుర్కొనవలసి ఉంటుంది; బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. కోతల కాలంలో పదో తరగతి పిల్లవాడి చేతికి స్టీరింగు ఇచ్చేవారు ఇది గమనించగలరు.

మరి కూలీలు పొలానికి ఎట్లా రావలెను? ప్రయాణికుల కోసం అనుమతి ఉన్న ఆటోనో వ్యానునో నలుగురైదుగురు రైతులు కలిసి మాట్లాడుకొని, బాడుగ పంచుకొనుట ఒక్కటే మాకు తోచిన సరియైన మార్గం. ఖర్చు కొంత పెరుగుతుంది. దానిని కూలి లెక్కలోనే ముందుగా చేర్చుకొనవలెను. ఆటోలో పదిహేను మందిని కుక్కితే మాత్రం మార్పేమీ లేనట్లే.

మీ పొలానికి వచ్చే కూలీలకు బ్యాంకు ఖాతా ఉన్నదో లేదో కూడా అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద 18 నుండి 70 ఏళ్ళ వయస్సు గల ఖాతాదారులకు ఏడాదికి రూ.20 ప్రీమియంతో, ప్రమాద మరణానికి రూ.2 లక్షల బీమా లభిస్తుంది. దీనివల్ల యజమాని బాధ్యత తీరదు, కాని ఆ కుటుంబానికి ఒక ఆసరా ఉంటుంది. బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది, ప్రీమియం ఖాతా నుండి దానంతట అదే మినహాయించబడుతుంది. పనులు తక్కువగా ఉండే మే నెలాఖరులో ఖాతాలో ఆ ఇరవై రూపాయలు లేక బీమా నిలిచిపోయే అవకాశం ఉన్నది. కావున వేసవి చివరి కూలి లెక్క తేల్చేటప్పుడే ఆ సంగతి వారికి గుర్తు చేయండి.