‘ఎంత దూరం వస్తుంది?’.. జవాబు తెలిస్తే కొలువుకూ దారే!

ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామని ఇంట్లో అడిగి చూడండి. నాన్న మొదటి ప్రశ్న ఒకటే.. ‘ఎంత దూరం వస్తుంది రా? దారిలో ఆగిపోతే?’ దీనికి లెక్కతో సమాధానం చెప్పగలిగితే ఇంట్లో మాట నెగ్గడమే కాదు, ఈవీ రంగంలో ఉద్యోగానికి అవసరమైన మొదటి పాఠమూ వచ్చేసినట్టే. గూడూరు నుంచే మొదలుపెడదాం.

నెల్లూరు వెళ్లి రాగలమా?

రానూపోనూ దాదాపు 80 కిలోమీటర్లు. మీ బండి బ్యాటరీ 3 కిలోవాట్ అవర్లు, అంటే 3 యూనిట్లు అనుకోండి. నిదానంగా నడిపితే యూనిట్‌కు 30 కిలోమీటర్ల లెక్కన 90 వస్తుంది. హైవే మీద వేగం పెంచి, వెనక ఫ్రెండ్‌ను ఎక్కించుకుంటే యూనిట్‌కు 25కి పడిపోవచ్చు. అప్పుడు 75 మాత్రమే! తిరుగు ప్రయాణంలో మనుబోలు దాటాక బండి తోసుకోవాల్సిందే. కాబట్టి కంపెనీ చెప్పిన రేంజ్‌ను కాదు, మీ రోడ్డును నమ్మండి. నెల్లూరులో కాసేపు ఛార్జింగ్ పెట్టుకుంటే బేఫికర్.

ఖర్చు? లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండికి, పెట్రోలు రూ.110 అనుకుంటే, ఈ ప్రయాణానికి సుమారు రూ.195. కరెంటు యూనిట్ రూ.8 వేసుకున్నా, ఛార్జింగ్‌లో పోయేదీ కలుపుకొని రూ.30 లోపే. అయితే కొనే ధర, ఈఎంఐ, బ్యాటరీ వారంటీ కూడా లెక్కలో వేయాలి.

టెంటు దగ్గరా కరెంటే

చలికాలంలో నేలపట్టు పక్షులను చూడాలంటే గూడూరు నుంచి 50 కిలోమీటర్ల లోపే. నెక్సాన్ ఈవీ, క్రెటా ఎలక్ట్రిక్ లాంటి కార్లలో ‘వెహికల్ టు లోడ్’ సదుపాయం ఉన్న వేరియంట్లు వచ్చాయి. కారు నుంచే బయటి పరికరాలకు కరెంటు తీసుకోవచ్చన్నమాట. ఇండక్షన్ స్టవ్ మీద గంట వంటకు ఒకటిన్నర యూనిట్, రాత్రంతా లైట్లు, ఫ్యాన్‌కు మరో 0.8. మొత్తం 2.3 యూనిట్లు. కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, తగ్గేది 15 కిలోమీటర్లే. అనుమతి ఉన్న చోటే టెంటు వేయండి. తిరిగి రావడానికి సరిపడా ఛార్జింగ్ మిగుల్చుకోండి.

కొలువులు దగ్గర్లోనే

హీరో మోటోకార్ప్ విడా స్కూటర్లను సత్యవేడు మండలంలోని ప్లాంటులో తయారుచేస్తోంది. బ్యాటరీల సంస్థ అమరరాజా తిరుపతి దగ్గర కరకంబాడిలో ఉంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు అసెంబ్లీ, సర్వీసింగ్, ఛార్జర్ బిగింపు పనులు. డిప్లొమా, బీటెక్ వారికి బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, మోటార్ కంట్రోలర్, టెస్టింగ్ విభాగాలు అనుకూలం.

ఈ వారమే మొదలుపెట్టండి

* ఎన్‌పీటెల్‌లో ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.
* ఐటీఐ వారు అప్రెంటిస్‌షిప్ ఇండియా, డిప్లొమా, డిగ్రీ వారు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి.
* బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156 గురించి చదవండి.
* తెలిసినవాళ్ల ఈవీ తీసుకొని వారం రోజులు ఛార్జింగ్ యూనిట్లు, తిరిగిన దూరం, వేగం నోట్‌బుక్‌లో రాయండి.

ఇంటర్వ్యూలో ‘ఈవీ గురించి ఏం తెలుసు?’ అంటే ఆ నోట్‌బుక్ తీసి చూపించండి. ముందుగా మాత్రం నాన్నకు చూపించడం మరవకండి!