అమ్మీ దాల్చాలో నూనె తగ్గించిన వేళ

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, భీమడోలుకు సమీపాన ఉన్న మా గుండుగొలనులో ఒక ఇంట మరణం సంభవిస్తే ఆ పూట ఆ ఇంటి పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగువారు అన్నం, పప్పుచారు వండి తెస్తారు. తెచ్చేవారిలో హిందూ, క్రైస్తవ సోదరీమణులూ ఉంటారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త అందినప్పుడు, ఆయన కుటుంబం దుఃఖంలో మునిగి ఉన్నందున వారికి భోజనం సిద్ధపరచవలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించారు. నేడు పలుచోట్ల జరుగుతున్నది దీనికి తలకిందులు. దుఃఖంలో ఉన్నవారే అప్పు చేసి నలభైయవ నాడు బిర్యానీ దేగిశాలు ఎక్కిస్తున్నారు. ఆ సంగతి మరోసారి ముచ్చటిద్దాం.

ఇప్పుడు చెప్పదలచినది ఆ తరువాతి రోజుల గురించి. ఇరుగుపొరుగు గిన్నెలు రావడం ఆగిపోతుంది. కూతురో కోడలో పొయ్యి వెలిగించాలి. భర్తను కోల్పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల గడువు ఉంది. ఇతరుల విషయంలో సంతాపం పాటించే గడువు మూడు రోజులే. అయితే ఆ గడువు అలంకరణ మానుకోవడానికి గాని, కన్నీటికి కాదు. ఆరవ ఏట తల్లిని పోగొట్టుకున్న మహాప్రవక్త (స), ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె సమాధిని దర్శించి విలపించారనీ, వెంట ఉన్నవారూ విలపించారనీ సహీహ్ ముస్లింలో ఉంది.

మా అబ్బా, ఆయన తరువాత పద్నాలుగు నెలలకు అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇద్దరికీ మధుమేహం, రక్తపోటు ఉండేవి. నా రక్తపరీక్షలోనూ చక్కెర హద్దుకు చేరువైందని తేలినప్పుడు, బరువు తగ్గాలని వైద్యురాలు ఖండితంగా చెప్పారు. మన దేశీయులకు బీఎంఐ 23కు చేరితేనే అధిక బరువు కింద లెక్క. నడుము కొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటరాదు.

వినడానికి చిన్న విషయమే. కాని నా బరువులో సగం అమ్మీ దాల్చా, బగారా అన్నం! ఆమె వంటలకు రాసిన పుస్తకమేదీ లేదు. ఆమె చేయే కొలత. ఆ కొలతను మార్చడమంటే, మిగిలిన ఆ ఒక్క గుర్తునూ నా చేతులతో నేనే చెరిపివేయడమనిపించింది. "రుచి పోతే మా అక్క కూడా పోయినట్టేనే" అని ఖాలా కంటతడి పెట్టుకున్నది. ఈ బాధను తేలికగా తీసివేయరాదు. తల్లిదండ్రులను కోల్పోయినవారు నాలుకతో కూడా దుఃఖిస్తారు.

అయితే ఆలోచించండి. మరణించినవారికి మన వల్ల చేరే మేలు ఏమిటి? వారికోసం మన్నింపు వేడుకునే సంతానపు దుఆ, వారి తరఫున చేసే దానం. నూనె ఆ జాబితాలో లేదు. పైగా ఆ దుఆ చేసే శరీరం మనకు అప్పగించబడిన అమానతు.

ఇక రుచి సంగతి. దాల్చా ప్రాణం శనగపప్పులో, చింతపండులో, సొరకాయలో, చివరన పడే కరివేపాకు పోపులో ఉంది. అమ్మీ నలుగురికి వండే దాల్చాలో పెద్ద చెంచాతో పది చెంచాల నూనె పోసేది. ఒక్కో చెంచాకు సుమారు 120 కేలరీల చొప్పున 1,200. నేను మూడు చెంచాలకు దించాను. అంటే మనిషికి 210 కేలరీలు తగ్గాయి, రుచి చెడకుండానే. ఉల్లిపాయలను నూనెలో వేయించడానికి బదులు మూత పెట్టి, అడుగంటబోయినప్పుడల్లా నీళ్ళు చిలకరిస్తూ మగ్గనిస్తే చక్కగా రంగు తిరుగుతాయి. మాంసాన్ని ముందు రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లవారేసరికి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది. దాన్ని తీసి పారేయడమే. మాంసం సగం చేసి సొరకాయ ముక్కలు రెట్టింపు చేశాను. కొల్లేటి కొరమీను వేపుడు మాని పులుసులోకి మారింది. పళ్ళెంలో అన్నం తగ్గి కూర పెరిగింది. కడుపులో మూడవ వంతు భోజనానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) హితవు మనందరికీ కంఠస్థమే. దస్తర్‌ఖాన్ వద్ద మాత్రం గుర్తుండదు. ఫజ్ర్ తరువాత నడకతో కలిపి ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాను.

దుఃఖితుల కోసం మన ధర్మంలో ఒక వంటకమే ఉంది: తల్బీనా. తన కుటుంబంలో ఎవరైనా మరణిస్తే, పరామర్శకు వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయి అయినవారు మిగిలాక, హజ్రత్ ఆయిషా (రజి) దానిని వండించేవారు. అది రోగి హృదయానికి ఊరటనిచ్చి, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపారు. "కొంత" అన్న మాటను గమనించండి. రెండు చెంచాల బార్లీ పిండిని గ్లాసు నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగపై పది పదిహేను నిమిషాలు కలియబెట్టి, పాలు చేర్చి దించాలి. తేనె ఐచ్ఛికం, మధుమేహం ఉన్నవారు మానుకోవాలి. ముద్ద మింగుడుపడని రోజుల్లో ఇది గొంతు దిగుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. వండుకుని తింటూ తగ్గే బరువు వేరు, తిండి సహించక తగ్గే బరువు వేరు. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుండి ఏడాదిలో బరువు 5 శాతానికి మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకు పైగా తగ్గితే, "దిగులుతో చిక్కింది" అని ఊరుకోక వైద్యునికి చూపించాలి. నెలలు గడిచినా నిద్ర, ఆకలి తిరిగి రాకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది ఈమాన్ బలహీనత కాదు.

హజ్రత్ ఖదీజా (రజి) మరణానంతరం కూడా ప్రవక్త (స) మేకను జిబహ్ చేసినప్పుడు ఆమె స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు. ఆ హదీసు చదివాక, వండిన ప్రతిసారీ అమ్మీ స్నేహితురాలు, పక్క వీధి మామ్మగారికి ఒక గిన్నె దాల్చా పంపుతున్నాను. నూనె తగ్గిన సంగతి ఆమెకు చెప్పలేదు. ఉప్పు చాలలేదని కబురు చేసి, కడిగిన గిన్నెలో నాలుగు నిమ్మకాయలు వేసి పంపారు.