చెక్క నేల నీళ్లు తాగితే...

మూడు రోజులు ఊరెళ్లొచ్చి తలుపు తీసేసరికి పడగ్గదిలో కాలి కింద నేల చప్‌చప్‌మంది. బాత్‌రూములో వాష్‌బేసిన్ కింది పైపు ఊడి, నీళ్లు గడప దాటి వచ్చేశాయి. విశాఖలో మా వదిన ఇంట్లో జరిగిన సంగతి ఇది. చీటీ పాడిన డబ్బుతో ముచ్చటపడి వేయించుకున్న ఉడెన్ ఫ్లోరింగ్! వెంటనే తుడిచి, ఫ్యాన్ వేసింది. అయినా నాలుగో రోజుకల్లా పలకల అంచులు నానిన అటుకుల్లా ఉబ్బాయి. ఆ మర్నాడు అమ్మ కాలు ఆ అంచుకే తట్టుకుంది. మంచం కోడు చేతికందింది కాబట్టి సరిపోయింది గానీ, డెబ్భై దాటిన మనిషి పడితే ఏమయ్యేది?

వచ్చిన కార్పెంటరు ఒక్క చూపు చూసి, ‘‘మొత్తం పీకేసి కొత్తది వేయాలమ్మా’’ అన్నాడు. అంత అక్కర్లేదని తర్వాత తేలింది.

మనం ఉడెన్ ఫ్లోరింగ్ అంటాం గానీ, చాలా ఇళ్లలో ఉండేది లామినేట్. చెక్క పొడిని జిగురుతో గట్టిగా నొక్కి చేసిన అట్ట, దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన గట్టి పూత. పైపూత నీళ్లకి చలించదు. అతుకుల్లోంచి దిగిన నీళ్లే లోపలి అట్టను ఉబ్బిస్తాయి. ఒకసారి ఉబ్బిందంటే ఎండినా మళ్లీ మామూలు మందానికి రాదు. ‘బరువు పెడితే అణుగుతుంది’ అని కొందరంటారు, నమ్మకండి. నిజమైన చెక్కలా చిత్రిక పట్టిద్దామంటే పైనున్న కాగితం కాస్తా లేచిపోతుంది. ఉబ్బిన పలకను మార్చడమే మార్గం.

అయితే లేచిన ప్రతి పలకా నీళ్లు తాగిందే కాదు. అంచులు బాగానే ఉండి, గది మధ్యలో నేల గుట్టలా లేస్తే, గోడ పక్కన వదలాల్సిన 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదల్లేదేమో చూడండి. గాలిలో తేమకి పలకలు సాగుతాయి, వాటికి చోటు కావాలి. స్కర్టింగ్ తీసి గోడవైపు అంచు కాస్త కోయిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ముందుగా చూసుకోవాల్సిన విషయం.

నీళ్లే కారణమైతే, ముందు నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయో చూసి ఆపించండి. తడి నేలలో నిలబడి కింది ప్లగ్గులు ముట్టుకోవద్దు, మెయిన్ కట్టేయండి. ఇంటికి బీమా ఉంటే ఏదీ పీకకముందే ఫొటోలు తీయండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో పైపులు పగలడం, ట్యాంకులు పొంగడం వల్ల జరిగే నష్టం కూడా ఉంది. వదినకి ఆ సంగతి గుర్తొచ్చేసరికి సగం పలకలు చెత్తబండి ఎక్కేశాయి!

ఈ పలకల్ని నేలకి అంటించరు. ఒకదాని పెదవి ఇంకొకదాని గాడిలో బిగుస్తుంది, అంతే. అందుకే స్కర్టింగ్ తీసి, గోడవైపు వరస నుంచి ఏటవాలుగా ఎత్తుతూ వస్తే ఊడొస్తాయి. తీసిన ప్రతిదాని వెనకా పెన్సిలుతో నంబరు వేయండి. లేకపోతే తిరిగి అమర్చేటప్పుడు కార్పెంటరుకీ మీకూ తగువే. తడిసిన ఫోమ్ షీటును పారేయండి, ఆరబెట్టి వాడొద్దు. దానికిందే బూజు దాక్కుంటుంది.

తొందరపడకూడని చోటు ఇక్కడే. కింద సిమెంటు పైకి పొడిగా కనబడుతుంది గానీ, లోపల తడి ఉంటుంది. జానెడు ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరు లోపల చెమట పడితే ఇంకా ఆరలేదన్నమాట. వానాకాలంలో కిటికీలు తెరిస్తే బయటి తేమ లోపలికొస్తుంది, అంతకంటే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టడం నయం. వదిన ఇంట్లో ఆరడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా అమ్మ హాల్లో దివాను మీదే పడుకుంది, సణుగుతూనే.

కొత్త పలకలు తెస్తే, పెట్టెలు ఆ గదిలోనే 48 గంటలు ఉంచాక వేయించండి. పాత మందమూ, బిగించే గాడీ సరిపోవాలి, అందుకని ఒక పాత ముక్కను షాపుకి పట్టుకెళ్లడం మంచిది. వదినకి ఆ డిజైను ఎక్కడా దొరకలేదు. పాడైనవి ఆరంటే ఆరే. చివరికి అవతలి గోడ దగ్గర మంచం కింద ఉన్న ఆరింటిని తీయించి బాత్‌రూము వైపు వేయించింది. మంచం కింద వేరే రంగువి అమర్చారు. ఇప్పుడు తడిగుడ్డ బాగా పిండాకే తుడుస్తోంది, బాత్‌రూము గడప కూడా అంగుళం ఎత్తు చేయించింది.

మంచం కిందకి వంగి చూస్తేనే ఆ రంగు తేడా తెలుస్తుంది. అమ్మ వంగలేదు, మేం చెప్పలేదు.