సున్నం కట్టింది ఎవరు?

ఒంట్లో ఎముకలు, పళ్లు తప్ప ఇంకెక్కడా సున్నం పేరుకోకూడదు. అయినా కిడ్నీలో రాయవుతుంది, పళ్ల మీద గార కడుతుంది, గుండె కవాటం బిరుసెక్కుతుంది. దీని వెనక ఏదో సూక్ష్మజీవి ఉంటే బాగుండునని డాక్టర్లకూ ఆశే. శత్రువు దొరికితే మందు దొరికినట్టేగా!

1998లో ఆ శత్రువు దొరికినట్టే అనిపించింది. కిడ్నీ రాళ్లలో అతి చిన్న జీవులున్నాయని, అవి తమ చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయని ఫిన్లండ్ పరిశోధకులు ఓలావి కయాండర్, నేవా చిఫ్త్చోలు అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో రాశారు. వాటిని నానోబ్యాక్టీరియా అన్నారు. అంగారకుడి నుంచి వచ్చిన రాతిలో జీవం ఆనవాళ్లున్నాయని నాసా ప్రకటించి అప్పటికి రెండేళ్లే. బుల్లి జీవుల కథ వినడానికి లోకం చెవులు రిక్కించి ఉన్న కాలం అది. కానీ వీటిలో కొన్ని 100 నానోమీటర్లు కూడా లేవు. అంత చోటులో డీఎన్ఏ, ప్రొటీన్లు చేసే సరంజామా అంతా ఎలా పడుతుంది?

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జాన్ సిసార్ బృందం దీన్ని ఉమ్మితోనే పరీక్షించింది. ఉమ్మిని, పళ్ల పాచిని సన్నని వడపోత గుండా పోనిచ్చి, కణాలను పెంచే ద్రవంలో ఉంచితే సున్నపు రేణువులు పుట్టాయి. వాటిలో కొంచెం తీసి కొత్త ద్రవంలో వేస్తే అక్కడా పెరిగాయి. చూస్తే అచ్చం జీవుల్లాగే ఉన్నాయి. అయితే సున్నం కరిగించి వెతికితే డీఎన్ఏ లేదు, ఉండాల్సిన ప్రొటీన్లూ లేవు. బ్యాక్టీరియా ఊపిరి ఆపే సోడియం అజైడ్ విషం కలిపినా రేణువుల పెరుగుదల ఆగలేదు. ఊపిరే లేనిదానికి విషమేం చేస్తుంది? పెరుగు తోడు పడినట్టు ఒక స్ఫటికం ఇంకో స్ఫటికాన్ని పుట్టిస్తోంది, అంతే. నానోబ్యాక్టీరియాదని చెప్పిన జన్యుక్రమం ఫిల్లోబ్యాక్టీరియం మిర్సినేసియరం అనే మామూలు పర్యావరణ బ్యాక్టీరియా క్రమంతో తేడా లేకుండా సరిపోయింది. ఈ బ్యాక్టీరియా ప్రయోగశాలల్లోకి చొరబడుతుందని ముందే తెలుసు. ఈ ఫలితాలు 2000లో వచ్చాయి. 2008లో మరో బృందం రక్తంలోని ఈ రేణువులు కాల్షియం కార్బొనేట్ కణాలేనని తేల్చింది.

మరి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఆ రేణువుల పెరుగుదల తగ్గిందే అని నానోబ్యాక్టీరియాను నమ్మినవారు వాదించారు. ఆ మందు కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చిన్నపిల్లలకు ఇస్తే పళ్లు రంగు మారేది అందుకే. కాల్షియాన్నే లాగేసుకునే మందు పనిచేసినంత మాత్రాన అక్కడ క్రిమి ఉందని అర్థం కాదు. ఈ కథలో మనవాడొకడు రెండుచోట్ల తగులుతాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. కొన్ని రకాల రాళ్ల రసాయనం ఆ ఫాస్ఫేట్ చుట్టూ తిరిగేదే. తర్వాత ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ చేతి మీదుగా 1948లో తొలి టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్ వెలువడింది.

ఇంతకీ బ్యాక్టీరియా నిర్దోషులా? కాదు. కిడ్నీలో వాటి నేరం పక్కాగా రుజువైంది. మూత్రనాళంలో చేరే ప్రోటియస్ అనే బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. మూత్రం క్షారంగా మారుతుంది. అప్పటిదాకా కరిగి ఉన్న ఫాస్ఫేట్ మెగ్నీషియంతో, అమ్మోనియంతో కలిసి స్ట్రువైట్‌గా గడ్డకడుతుంది, కాల్షియం ఫాస్ఫేట్ కూడా దానితో చేరుతుంది. చూస్తుండగానే కిడ్నీ గదులన్నీ నింపుతూ జింక కొమ్ములా కొమ్మలు వేస్తుంది. ఈ యూరియేజ్‌నే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల నుంచి స్ఫటికాలుగా తీశాడు. స్ఫటికాలుగా దొరికిన మొట్టమొదటి ఎంజైమ్ అదే. కుర్రతనంలో వేటకెళ్లి ఎడమచెయ్యి పోగొట్టుకున్న ఆయన ఒంటిచేత్తో చేసిన ఆ పనికి 1946లో నోబెల్ వచ్చింది.

పళ్ల గార సంగతి ఇంత సూటిగా లేదు. పాచిలోని బ్యాక్టీరియా దానికి పునాది వేస్తాయన్నది నిజం. కానీ ఒక్క క్రిమి కూడా లేకుండా పెంచిన ఎలుకల పళ్ల మీదా గార కట్టినట్టు అమెరికా పరిశోధకులు 1960ల్లోనే చూపించారు. ఉమ్మిలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎప్పుడూ మోతాదు మించే ఉంటాయి, వాటికి నిలవడానికి ఒక పట్టు దొరికితే చాలు. రక్తం పరిస్థితీ దాదాపు అంతే. ఫెట్యూయిన్ లాంటి ప్రొటీన్లు పుట్టే రేణువులను పుట్టినచోటే చుట్టేసి కట్టడి చేస్తుంటాయి కాబట్టి నడుస్తోంది. సున్నం ఎందుకు పడుతోందని కాక, ఇన్నాళ్లూ పడకుండా ఎలా ఆగిందని అడగడమే నాకు సరైన ప్రశ్నగా తోస్తుంది.

మళ్లీ కిడ్నీకి వస్తే, స్ట్రువైట్ రాయికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, దానికి కారణం కూడా ఉంది. బ్యాక్టీరియా రాయి లోపలే కాపురం పెడతాయి, మందు అక్కడికి అందదు. ఒక్క ముక్క మిగిలినా మళ్లీ అమ్మోనియా, మళ్లీ రాయి. అందుకే యూరాలజిస్టులు చిన్న పలుకు కూడా మిగలకుండా రాయి మొత్తం తీసేయాలని పట్టుబడతారు.