చూపుకు దారిఖర్చు

వేలూరుకు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన, కౌండిన్య నది ఒడ్డున ఉంది గుడియాత్తం. పలమనేరు వైపునుంచి పారివచ్చే ఆ ఏటిలాగే, ఇక్కడి పల్లెల్లో తెలుగు కూడా రాష్ట్రాల ఎల్లలు ఎరగదు. ఊరు లుంగీలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపొందింది. చుట్టుపక్కలంతా వేరుశనగనూ, కొబ్బరినీ నమ్ముకున్న చిన్న రైతులు.

అలాంటి ఒక రైతుకు కంటి ఆపరేషను చేయించాలని మేము కొందరు మిత్రులం చందాలు వేసుకున్నాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, పొలంగట్టు మీద కర్రతో తడుముకుంటూ నడుస్తున్నారాయన. ఎంత కావాలని అడిగితే ఆపరేషను ఊసే ఎత్తలేదు.

"అది ఊరికినే చేస్తారంట నాయనా! ఆ నాలుగు దినాలు ఆవులకు కసువెవరేసేది? తోడొచ్చే పిల్లోడి కూలి ఎవరిచ్చేది?" అన్నారు.

ఆయన మాటలో నిజముంది. వేలూరులో ఐడా స్కడర్ 1902లో ప్రారంభించిన షెల్ ఆస్పత్రి తర్వాత సి.ఎం.సి. వారి కంటి ఆస్పత్రి అయింది. అక్కడి డాక్టర్ విక్టర్ రాంబో పల్లెలకే వెళ్ళి కంటి శిబిరాలు నడిపారు. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ ఆస్పత్రి పెట్టి, ఇవ్వగలిగినవారి రుసుముతో లేనివారికి ఉచితంగా వైద్యం చేసే పద్ధతి నెలకొల్పారు. కంటిలో అమర్చే కృత్రిమ కటకాలను 1992 నుంచి ఆరోలాబ్ మదురైలోనే చవకగా తయారు చేస్తోంది. దాంతో సోడాబుడ్డి కళ్ళద్దాల బెడద పేదలకూ తప్పింది.

అయినా పల్లెలో చూపులేనివారు మిగిలే ఉన్నారంటే, అడ్డం పడుతున్నది చాలాచోట్ల బస్సు చార్జీ, పోయిన కూలి, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళే ఖర్చు, ముసలితనానికి ఇదంతా ఎందుకులే అన్న నిరాశ.

మా చందాలో ఎక్కువభాగం వీటికే పోయింది. పొరుగింటావిడ పశువులను చూసింది. మనవడికి కూలి ఇచ్చాం. చుక్కల మందు, రెండోసారి ప్రయాణం మేమే చూసుకున్నాం. కట్టు విప్పిన మరునాడు పెద్దాయన మనవడి ముఖం చేతుల్లోకి తీసుకుని, మీసాలు వచ్చేశాయే అని ఆశ్చర్యపోయారు. రెండో కన్నుకు తనంతట తానే రోజు అడిగారు.

మన సభ్యులు చాలామంది సొంత ఊళ్ళకు దానాలు పంపుతుంటారు. ఆస్పత్రికి ఇచ్చేది ఇస్తూనే, రోగి ఇంటి గడప నుంచి ఆస్పత్రి గడప దాకా అయ్యే ఖర్చుకూ కొంత కేటాయించండి. చిన్న మొత్తమే, కానీ చాలామంది చూపు అక్కడే ఆగిపోతోంది.